కాలువకి ముందు మట్టి, కాలువ తర్వాత మట్టి

ఈసారి మన పత్రికకి "మా ప్రాంత చరిత్ర" అని వ్యాసాలు రాయమన్నప్పుడు మా క్లాసులో సగం మంది 1520 నాటి రాయచూరు యుద్ధం తీసుకున్నారు. శ్రీకృష్ణదేవరాయలు, ఇస్మాయిల్ ఆదిల్ షా, ఫిరంగులు, కోట గోడలు. ఇంకో నలుగురు మస్కి శాసనం తీసుకున్నారు. నేను మట్టి తీసుకుంటానన్నాను. "మట్టికి చరిత్రేంటమ్మా, అది సైన్సు కదా" అన్నారు సోషల్ సారు. సైన్సు టీచరుని అడిగితే "అది వ్యవసాయం కదా" అన్నారు. చివరికి సోషల్ సారే "సరే, రాసి చూపించు" అన్నారు. అందుకని రాస్తున్నాను.

నాకు ఈ విషయం పట్టుకోవడానికి కారణం మా పల్లపు పొలం. సింధనూరు వైపు కాలువ కింద మాకు ఆరెకరాలు ఉంది. అందులో కింది రెండెకరాలు హళ్ళం పక్కన. హళ్ళం అంటే వాగు, ఇక్కడ అందరం కన్నడ మాటే వాడతాం. నా చిన్నప్పుడు ఆ రెండెకరాల్లోనూ వరి పండేది. ఇప్పుడు ఎండాకాలం వస్తే నేల మీద సున్నం చల్లినట్టు తెల్లగా ఉప్పు తేలుతుంది. నాట్లు వేస్తే అక్కడక్కడా గుండ్రంగా ఖాళీలు పడతాయి. బతికిన మొక్కలు కూడా ఆకు చివర మాడిపోయి నిలబడతాయి. మావాళ్ళు చౌడు అంటారు, ఇక్కడివాళ్ళు జవళు అంటారు. మొన్న సంక్రాంతికి ఎవరో వచ్చి ఆ ముక్క అమ్ముతారా అని అడిగారు. ఉగాది తర్వాత చెప్తానన్నాడు నాన్న. తాతయ్య ఏమీ అనలేదు, మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు.

దానికి ముందు ఇంకోటి జరిగింది. అంతకు ముందటేడు నాన్న ఒక షాపులో అజోస్పైరిల్లం పొడి ప్యాకెట్లు కొన్నాడు. అందులో బతికున్న బాక్టీరియా ఉంటుందట. పశువుల ఎరువులో కలిపి చల్లితే గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తుందట. చల్లాం. ఏ తేడా రాలేదు. షాపతను "ఇంకో డోసు వెయ్యండి" అన్నాడు. అప్పుడు నాకు వచ్చిన సందేహం ఒక్కటే: ఆ ప్యాకెట్‌లోని కోట్ల బాక్టీరియా మా పొలంలోకి దిగి ఏమైపోయింది? అసలు అంతకుముందు ఆ మట్టిలో ఎవరున్నారు, వాళ్ళేమయ్యారు?

ఒక గ్రాము మంచి మట్టిలో, అంటే చిటికెడు మట్టిలో, వంద కోట్ల దాకా బాక్టీరియా ఉండొచ్చు. రకాలే వేలల్లో ఉంటాయి. వాటి మధ్య శిలీంధ్రాల దారాలు, మనం బూజు అనే జాతివి, సాలెగూడులా అల్లుకుని ఉంటాయి. వీటిలో ఎక్కువ భాగానికి ఇంకా పేర్లే లేవు. ఎక్కడ ఏవి ఉంటాయన్నది ఎవరు నిర్ణయిస్తారు? 1934లో బాస్ బెకింగ్ అనే డచ్ శాస్త్రవేత్త దీనికి ఒక జవాబు చెప్పాడు. సూక్ష్మజీవులు అంత చిన్నవి కాబట్టి గాలిలో, నీళ్ళలో, దుమ్ములో అన్ని చోట్లకీ చేరతాయి, కానీ ఎవరు నిలదొక్కుకోవాలో ఆ చోటే ఎంచుకుంటుంది అని ఆయన మాట సారాంశం. మా క్యాంపు సంగతీ కొంచెం ఇలాంటిదే. 1960లలో ఆంధ్ర నుంచి చాలామంది వచ్చారు, అందరూ నిలవలేదు.

2006లో అమెరికాలో నోవా ఫియరర్, రాబర్ట్ జాక్సన్ అనే ఇద్దరు ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల్లో 98 చోట్ల మట్టి తీసి చూశారు. ఎండా, వానా, భూమధ్యరేఖకి ఎంత దూరం అన్నవి ముఖ్యం అవుతాయని ఎవరైనా అనుకుంటారు. చెట్లకీ జంతువులకీ అంతే కదా. కానీ బాక్టీరియా విషయంలో అన్నిటికంటే బలంగా కనబడింది మట్టి పులుపు, అంటే పీహెచ్. పులుపూ క్షారమూ కాని నేలలో రకాలు ఎక్కువ, బాగా పుల్లటి నేలలో తక్కువ. అన్ని చెట్లున్న అమెజాన్ అడవి కింద మట్టిలో బాక్టీరియా రకాలు తక్కువున్నాయట. ఇది చదివి నేను రెండుసార్లు వెనక్కెళ్ళి మళ్ళీ చదివాను. మరుసటి ఏడాది, 2007లో, కేథరిన్ లోజుపోన్, రాబ్ నైట్ అనేవాళ్ళు సముద్రాలూ నేలలూ అన్నీ కలిపి పోల్చి, బాక్టీరియాని అన్నిటికన్నా ఎక్కువగా విడదీసేది ఉప్పు అని తేల్చారు. శిలీంధ్రాల సంగతి వేరు. 2014లో ఎస్టోనియాకి చెందిన లెహో టెడర్సూ బృందం ప్రపంచంలో 365 చోట్ల మట్టి చూస్తే, శిలీంధ్రాల మీద వానా వాతావరణం పెత్తనం ఎక్కువని, చాలా రకాలు తమ ఖండం దాటి వెళ్ళవని తెలిసింది. అంటే బాక్టీరియా కంటే బూజులకి సొంత ఊరి మీద పట్టు ఎక్కువన్నమాట.

పీహెచ్, ఉప్పు, నీళ్ళు, గాలి. ఈ నాలుగూ పట్టుకుని మా జిల్లా చూస్తే కథ మొత్తం కనిపిస్తుంది.

రాయచూరు దోఅబ్ అంటే ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర, మధ్యలో ఉన్న నేల. రెండు పెద్ద నదులున్నా వాన మాత్రం ఏడాదికి దాదాపు 600 మిల్లీమీటర్లే. రాతి గుట్టల చుట్టూ ఎర్రమట్టి. అది గరుకు, నీరు నిలవదు, క్షారం పెద్దగా ఉండదు. పల్లానికి దిగేకొద్దీ నల్లరేగడి. ఇక్కడ ఎరె భూమి అంటారు. ఇందులో బంకమన్ను ఎక్కువ, సున్నం ఉంటుంది, క్షారం వైపు మొగ్గుతుంది. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది. మా తమ్ముడి క్రికెట్ బంతులు రెండు ఆ బీటల్లోకి పోయి మళ్ళీ దొరకలేదు. ఆ బీటల్లోంచే పైమట్టి కిందికి జారి, కింది మట్టికి గాలి తగిలి, నేల తనని తనే దున్నుకుంటుంది. గుట్ట నుంచి రేగడికి సైకిల్ మీద పావుగంట. ఆ పావుగంటలో కింద కాపురం ఉండే జీవాలు సగానికి సగం మారిపోతాయి. పీహెచ్ మారింది, నీరు నిలిచే తీరు మారింది కాబట్టి.

ఇక్కడ మనుషులు మట్టిని మార్చడం ఎప్పుడు మొదలైంది? లింగసుగూరు తాలూకా పిక్లిహాల్‌లో 1950లలో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వకాలు చేశాడు. కొత్త రాతియుగం పశువుల కాపరుల జాడలు దొరికాయి. ఈ చుట్టుపక్కల జిల్లాల్లో బూది దిబ్బలు చాలా ఉన్నాయి. హంపి దగ్గరున్న ఒక దిబ్బని వాలిని దహనం చేసిన చోటని జనం చెప్పుకుంటారు. నిజానికి అవి పశువుల దొడ్లలో పేరుకున్న పేడ. క్రీస్తుకు పూర్వం 3000 నుంచి 1200 దాకా తరతరాలుగా పోగేసి, మళ్ళీ మళ్ళీ కాల్చిన పేడ. కొన్ని చోట్ల వేడికి బూడిద కరిగి గాజులా గట్టిపడింది. పేడ పోగుపడ్డ చోట మట్టిలో భాస్వరం పెరుగుతుంది, బూడిద పడ్డ చోట క్షారం పెరుగుతుంది. నాకు తోచింది ఏంటంటే, ఈ జిల్లాలో మట్టి జీవాల్ని మనుషులు మొదటిసారి మార్చింది ఈ దొడ్లలోనే అయ్యుండాలి.

ఆ కాపరులు తిన్నవేమిటో కూడా కాలిన గింజల్ని బట్టి తెలిసింది: ఉలవలు, పెసలు, అండుకొర్రలు. వరి లేదు. ఉలవ, పెసర రెండూ కాయజాతి. వాటి వేళ్ళ బుడిపెల్లో రైజోబియం బాక్టీరియా ఉండి గాలిలోని నత్రజనిని పట్టిస్తుందని మనం పాఠంలో చదువుకున్నాం. ఆ బాక్టీరియాని బుడిపెల్లోంచి విడదీసి పెంచింది 1888లో బైయెరింక్. కానీ ఈ నేలలో ఆ కాపురం నాలుగు వేల ఏళ్ళ నుంచీ నడుస్తోంది, ఎవరూ ప్యాకెట్లు చల్లకుండానే.

మా పొలానికి పక్కన, కాలువ నీరు ఎక్కని మెరక మీద ఒక అజ్జి వాళ్ళ భూమి ఉంది. వాళ్ళిది ఇక్కడి పాత కుటుంబం. ఇప్పటికీ జొన్న, కంది కలిపి వేస్తారు. నేను ఈ వ్యాసం కోసం వెళ్ళినప్పుడు ఆమె గడ్డపారతో ఒక పెళ్ళ పెకలించి నా చేతిలో పెట్టి, "ఈ నెలక్కె ఉసిరు బేకప్పా" అంది. ఈ నేలకి ఊపిరి కావాలి అని. ఆమె బడికి వెళ్ళలేదు. కానీ నేను పుస్తకాల్లో ఆక్సిజన్ అని చదివింది ఆమె ఉసిరు అంది, అంతే తేడా.

జొన్న, కంది కలపడం వెనక ఇంకో సంగతుంది. కందికి ఎండు తెగులు వస్తుంది, ఇక్కడ నెటె రోగం అంటారు. పూత మీదున్న మొక్క రెండు రోజుల్లో నిలువునా ఎండిపోతుంది. దానికి కారణం ఫ్యుజేరియం అనే మట్టి శిలీంధ్రం. పంట తీశాక మోళ్ళలో అది మూడేళ్ళ దాకా బతికి ఉంటుంది. ఏటేటా అదే చేలో కంది వేస్తే దానికి పండగ. పటాన్‌చెరువులో 1972లో పెట్టిన ఇక్రిశాట్ సంస్థ పరిశోధనల్లో, కందిని జొన్నతో కలిపి వేసినా, జొన్న తర్వాత వేసినా ఈ తెగులు బాగా తగ్గిందని తేలింది. అజ్జిని "ఎందుకు కలుపుతారు" అని అడిగితే మాత్రం "మా అత్త కలిపేది" అంది. మట్టిలో ఏ బూజుని పెరగనివ్వాలి, దేన్ని అణచాలి అన్నది పేర్లు తెలియకుండానే ఇక్కడివాళ్ళు వందల ఏళ్ళు నడిపారు. యుద్ధాల్లో ఈ దోఅబ్ విజయనగరానికీ బీజాపూరుకీ మధ్య ఎన్నోసార్లు చేతులు మారింది, 1853లో నిజాం దీన్ని ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చేసి 1860లో మళ్ళీ తెచ్చుకున్నాడు. ఇన్ని చేతులు మారినా చేలో జొన్నా కందీ మారలేదు, కాబట్టి కింద ఉన్నవాళ్ళూ పెద్దగా మారి ఉండరు.

మార్చింది కాలువ.

మా తాతయ్యది పశ్చిమ గోదావరి. అక్కడ ఇళ్ళలో కాటన్ దొర ఫోటో ఉంటుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసింది ఆయనే. తుంగభద్ర నీటిని ఈ కరువు సీమకి మళ్ళించాలని 1860లో మొదట చెప్పింది కూడా ఆయనే. అది జరగడానికి ఎనభై ఏళ్ళకి పైన పట్టింది, మధ్యలో 1876–78 కరువులో లెక్కలేనంత మంది చచ్చిపోయారు. 1945 ఫిబ్రవరి 28న ఒక గట్టున హైదరాబాద్ వాళ్ళు, ఇంకో గట్టున మద్రాసు వాళ్ళు హోసపేట దగ్గర శంకుస్థాపన చేశారు. 1953లో నీళ్ళు వదిలారు. 1956 నవంబరు 1న రాయచూరు మైసూరు రాష్ట్రంలో కలిసింది. మా వైపు పిల్లకాలువలన్నీ పూర్తయ్యేసరికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది.

చాలామందికి తెలియని మాట ఒకటి చెప్పాలి. ఈ కాలువ వరి కోసం కట్టింది కాదు. కరువు నుంచి కాపాడడానికి, కొద్ది కొద్ది నీళ్ళు ఎక్కువ మందికి ఇవ్వడానికి కట్టింది. ఏ సర్వే నంబరులో ఏ పంట వెయ్యాలో సర్కారే గీత గీసింది. దాన్ని లోకలైజేషన్ అనేవారు. ఎక్కువ భాగం జొన్న, పత్తి, వేరుశనగ లాంటి ఆరుతడి పంటలకే. వరికిచ్చింది కొంచెమే. కాగితం మీద ఉన్నది అది.

తాతయ్య 1964లో వచ్చాడు. అక్కడ ఒకటిన్నర ఎకరం అమ్మి ఇక్కడ పన్నెండు ఎకరాలు కొన్నాడు. ఇక్కడివాళ్ళకి నల్లరేగడికి నిండా నీళ్ళు పెట్టడమంటే భయం. మావాళ్ళకి నీళ్ళు కనిపిస్తే వరి తప్ప ఇంకోటి తోచదు. ముళ్ళకంప కొట్టి, ఎత్తుపల్లాలు చదును చేసి, గట్లు వేసి, మడులు కట్టారు. మొదటి పంట చూడడానికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బండ్లు కట్టుకుని వచ్చారని తాతయ్య ఇప్పటికీ చెప్తాడు. అది చెప్పేటప్పుడు ఆయన గొంతు వేరేగా ఉంటుంది. నేను ఇప్పుడు రాసేది ఆయన్ని తప్పు పట్టడానికి కాదు. ఆ వరి లేకపోతే నాన్న చదువు లేదు, ఈ ఇల్లు లేదు, ఈ తెలుగు బడీ ఉండేది కాదేమో. కానీ తాతయ్య గోదావరి నుంచి వరి తెచ్చాడు గాని గోదావరి ఒండ్రుమట్టిని తీసుకురాలేడు కదా.

మడిలో నీళ్ళు నిలబెట్టిన కొన్ని రోజుల్లోనే మట్టిలో ఉన్న ఆక్సిజన్ అయిపోతుంది. గాలి కావాల్సిన బాక్టీరియా తగ్గిపోతుంది. చాలా బూజులు, ముఖ్యంగా వేళ్ళతో పొత్తు కట్టి మొక్కకి భాస్వరం అందించే మైకోరైజా శిలీంధ్రాలు, వెనక్కి తగ్గుతాయి. గాలి అక్కర్లేనివాళ్ళు లేస్తారు. కొన్ని నైట్రేట్‌ని పీల్చి నత్రజనిగా గాలిలోకి వదిలేస్తాయి, మనం వేసిన యూరియాలో కొంత అలా పోతుంది. కొన్ని గంధకాన్ని మార్చి కుళ్ళిన గుడ్డు వాసన పుట్టిస్తాయి. ఇంకొన్ని, బాక్టీరియా కూడా కాని ఆర్కియా అనే పాత వంశంవాళ్ళు, మిథేన్ తయారు చేస్తాయి. ఊడ్పుల్లో కాలు దిగేసినప్పుడు బుడబుడమని వచ్చే బుడగల్లో ఉండేది ఆ మిథేనే. అందరూ చెడ్డవాళ్ళేం కాదు. మడి నీళ్ళ మీద పచ్చగా నాచులా పట్టే నీలి ఆకుపచ్చ శైవలాలు, నిజానికి అవీ బాక్టీరియాయే, గాలిలోని నత్రజనిని పట్టి వరికిస్తాయని మన దేశపు పి.కె. డే 1939లోనే నిరూపించారు. అందుకే వరి వేల ఏళ్ళుగా ఒకే మడిలో పండగలుగుతోంది. డెల్టాలో అది బాగానే నడిచింది.

ఇక్కడ నడవకపోవడానికి కారణం ఉప్పు. ఎరె భూమి కింది పొరల్లో ముందునుంచే లవణాలున్నాయి. వాన తక్కువ కాబట్టి అవి ఎప్పుడూ కడిగిపోలేదు, లోపలే ఉండిపోయాయి. మెరక మీద రెండు కార్లు వరి వేస్తే నీరు కిందికి దిగి, పల్లంలో భూగర్భజలం పైకి లేస్తుంది. బంకమన్ను దాన్ని పక్కకి పోనివ్వదు. ఎండకి నీరు ఆవిరవుతుంది, ఉప్పు పైన మిగులుతుంది. తుంగభద్ర ఆయకట్టు మొత్తం మీద లక్ష హెక్టార్లకి దగ్గరగా ఇలా నీరుపట్టి, ఉప్పుపట్టి పోయింది. పైవాళ్ళకి నీళ్ళెక్కువై పల్లం చెడింది, అదే కాలువ శివారువాళ్ళకి నీళ్ళందక చేను ఎండింది. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాము 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు క్యాంపు అంతా రాత్రంతా ఫోన్లు పట్టుకుని కూర్చుంది. నీళ్ళు లేకపోతే ఏమవుతుందా అని అందరి భయం. నీళ్ళు ఎక్కువైన రెండెకరాల గురించి ఆ రాత్రి ఎవరూ మాట్లాడలేదు, మేం కూడా.

ఉప్పు బాక్టీరియాని ఏం చేస్తుందో నాకు అమ్మమ్మ ఆవకాయ పెట్టేటప్పుడు అర్థమైంది. ఉప్పు తగ్గిస్తే జాడీలో బూజు పడుతుంది, సరిపడా వేస్తే ఏడాదైనా పట్టదు. ఉప్పు ఆ బూజు ఒంట్లో నీటిని లాగేస్తుంది. మా పల్లపు పొలం ఆవకాయ జాడీ అయిపోయింది. అందులో అజోస్పైరిల్లం పొడి చల్లితే ఏమవుతుంది? ఆ షాపులో ప్యాకెట్లు రేకుల కింద ఎండలో పెట్టి ఉండేవి, కొన్నప్పటికే సగం చచ్చి ఉండొచ్చు. మిగిలినవాటి సంగతి ఆ చోటే తేల్చింది.

ఇదంతా చదివిందే కదా, కళ్ళతో చూడాలనిపించింది. పోయిన జూలైలో తాతయ్య పాత నూలు పంచె చింపి, జానెడు ముక్కలు నాలుగు చేసి, నాలుగు చోట్ల బెత్తెడు లోతున పాతిపెట్టాను. గుట్ట దగ్గర ఎర్రమట్టిలో ఒకటి, అజ్జి జొన్నచేలో ఒకటి, మా మంచి వరిమడిలో ఒకటి, చౌడులో ఒకటి. నూలు అంటే సెల్యులోజ్, బూజులకీ బాక్టీరియాకీ తిండి. రెండు నెలల తర్వాత తీశాను. అజ్జి చేలో గుడ్డ దొరకడమే కష్టమైంది. చేతికి దారప్పోగులూ తెల్లటి బూజు నూగూ వచ్చాయి. ఎర్రమట్టిలోది చిల్లులు పడింది. వరిమడిలోది నల్లగా, జిగటగా, వాసనేస్తూ ఉంది, కానీ ముక్క ముక్కలా ఉంది. చౌడులోది దులిపితే పంచె అంచు చార కూడా కనిపించింది. అమ్మ "ఉతికి మసిగుడ్డ చేసుకోవచ్చే" అంది. నాలుగు గుడ్డముక్కలతో ఏదీ రుజువు కాదని సైన్సు టీచరు చెప్పారు, గుట్ట దగ్గర వాన తక్కువ పడింది కూడా. ఒప్పుకుంటాను. కానీ నాన్న ఆ నాలుగింటినీ అరుగు మీద వరసగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

ఇక్కడ ఒక్క పక్కమాట. వాన మొదటి చినుకులకి వచ్చే మట్టివాసన కూడా ఒక బాక్టీరియా పనే, స్ట్రెప్టోమైసిస్ అనే జాతిది. అజ్జి చేను ఆ వాసన వేస్తుంది, మా చౌడు వెయ్యదు. అదే జాతిలోంచి మందులు కూడా వచ్చాయి. మా తాతయ్య వాళ్ళ జిల్లా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనకి పెద్దగా ఉన్నప్పుడు, ఎక్కడెక్కడి మట్టో తెప్పించి అందులో మందులిచ్చే జీవాల్ని వెతికించారు. అక్కడ డగ్గర్ అనే శాస్త్రవేత్తకి మిస్సోరీ రాష్ట్రంలో శాన్‌బోర్న్ ఫీల్డ్ అనే పాత ప్రయోగ క్షేత్రం మట్టిలో ఒక స్ట్రెప్టోమైసిస్ దొరికింది. దాన్నుంచి 1948లో ఆరియోమైసిన్ బయటికొచ్చింది, టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది. ఆ క్షేత్రం 1888 నుంచీ సాగులో ఉంది. అక్కడ 23వ నంబరు మడిలోంచి తీసిన గుప్పెడు మట్టి అది. ఇంకో మడిలో తీసి ఉంటే దొరికేదో లేదో. చౌడుబారిన పొలంతో పాటు ఇంకా ఏమేం పోయాయో మనకి తెలిసే దారి లేదు.

సంక్రాంతి తర్వాత భూసార పరీక్షకి మట్టి పంపించాం. పీహెచ్ 8.4, లవణాలు ఎక్కువ అని వచ్చింది. చౌడులో రెండు రకాలు. పాల చౌడులో ఉప్పు పైకి తెల్లగా తేలుతుంది, నీళ్ళతో కడిగి బయటికి పంపితే పోతుంది. కారు చౌడుకి జిప్సం కావాలి, అది ఇంకా మొండిది. మాది పాల చౌడు. ఆ కాగితం చూశాక తాతయ్య మొదటిసారి నోరు విప్పి "ఒక్క కారు చూద్దాంరా, తర్వాత నీ ఇష్టం" అన్నాడు. నాన్న ఉగాదికి వాళ్ళకి ఫోన్ చేసి తర్వాత చెప్తానన్నాడు. అమ్మనని మాత్రం చెప్పలేదు.

పొలం అంచున హళ్ళంలోకి పడేలా నడుములోతు మురుగు బోదె తవ్వించాం. రెండుసార్లు నిండా నీళ్ళు పెట్టి వదిలేశాం. బోదెలో వచ్చిన నీళ్ళు నాలికకి తగిలిస్తే ఉప్పగా ఉన్నాయి. జూన్‌లో వరి వెయ్యకుండా జీలుగ చల్లాం. జీలుగ కాస్త ఉప్పుకీ, నీటి నిలవకీ తట్టుకుంటుంది, దాని వేళ్ళలో ఉండే రైజోబియం కూడా కొంత తట్టుకునే రకమేనట. ఈసారి షాపు ప్యాకెట్ కొనలేదు. అజ్జి చేలో పెసర మొక్కల కింది మట్టి రెండు తట్టలు అడిగి తెచ్చి విత్తనాలతో కలిపి చల్లాను. పెసరలో ఉండే బాక్టీరియా జీలుగతో కలుస్తుందో లేదో, నాన్న నవ్వాడు. అజ్జి మాత్రం "మొసరిగె హెప్పు హాకిదంగె" అంది, పాలలో తోడు వేసినట్టు అని.

గుండ్రటి ఖాళీలు ఇంకా ఉన్నాయి. మధ్యలో మూలగా ఒక సెంటు మేర ఒక్క మొక్క రాలేదు. మిగతా చోట జూలై చివరికి జీలుగ నా నడుము దాకా వచ్చింది. పోయిన ఆదివారం నేనూ నాన్నా చేలోకి దిగి నాలుగు మొక్కలు పెరికాం. రెండింటి వేళ్ళకి ఏమీ లేదు. మూడోదానికి మెంతిగింజలంత బుడిపెలు ఏడు లెక్కపెట్టాను, నాలుగోదానికి ఇంకా ఎక్కువే. బుడిపె లోపల ఎర్రగా ఉంటే బాక్టీరియా పని చేస్తున్నట్టు, ఆకుపచ్చగానో తెల్లగానో ఉంటే పని లేనట్టు అని టీచరు చెప్పారు. ఒకటి గోటితో చీల్చి నాన్న అరచేతిలో పెట్టాను. లోపల లేత గులాబీ రంగులో ఉంది. నాన్న ఇంకోటి చీల్చాడు.